లాప్, లాభం, ఆరున్నొకటి

తూమెడుగింజలు: కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు కదా. లాభం, రెండు, మూడు... ఆరు దాకా సరే. ఏడు అంటే ఏడుపని ఆ మాట దాటేస్తారు. అక్కడ అనేది ‘ఆరున్నొకటి’యా, ‘ఆరున్నొక్కటి’యా? పారిస్ 13వ ఆరోందిస్మాఁలో, అంటే 13వ వార్డులో, లావోస్ హోటల్ మెనూ మీద ‘లాప్’ అనే మాంసం వంటకం చూసిన దగ్గర్నుంచీ ఈ వరస వదలడం లేదు. లావోస్ వాళ్ళు దాన్ని పెళ్ళికీ కొత్త సంవత్సరానికీ అదృష్టమని వడ్డిస్తారట. మన లాభమే వాళ్ళ కంచంలో పడిందా?

పాళీపంతులు: పడలేదండీ. అవి రెండు మాటలు. అదృష్టమనే లాప్ మన లాభమే. లావో, థాయ్ లాంటి తాయ్ భాషల్లో మాట చివర భకారం నిలవదు, పెదవులు మూసి వదలకుండా ఆపేసిన ‘ప్’ అవుతుంది. మాంసాన్ని కత్తితో సన్నగా కొట్టి కలిపే లాప్ మాత్రం వాళ్ళ సొంత మాట. థాయ్ లిపిలో రాత వేరు, అదృష్టానికి ‘భ’ మిగిలే ఉంది. లావో లిపి పలికినట్టే రాస్తుంది కాబట్టి రెండూ ఒకటైపోయాయి.

రేఫద్వేషి: ముందు లాప్‌ని ఇంగ్లీషు రాత చూసి ‘లార్బ్’ అనడం మానండి. అందులో రేఫ, అంటే ‘ర’, లేదు. ఇంగ్లీషువాళ్ళు దీర్ఘం చూపడానికి ‘ఎ’ పక్కన ‘ఆర్’ పెట్టారు, వాళ్ళు దాన్ని పలకరు. మనమే నాలుక మడిచి మరీ పలుకుతున్నాం.

పాళీపంతులు: ఆర్డరిచ్చేటప్పుడు రేఫ కన్నా రెండో మాట ముఖ్యం. ‘లాప్ దిప్’ అంటే పచ్చి మాంసం, ‘లాప్ సుక్’ అంటే ఉడికింది. పైగా మన సుఖం కూడా వాళ్ళ నోట ‘సుక్’ అనే పలుకుతుంది, లావో రాతలోనూ తేడా లేదు. చెవికి లాప్ సుక్ అంటే లాభసుఖాలే!

రోటిపచ్చడి: శబ్దం సరే, రుచి సంగతి? లాప్‌ని పట్టి నిలిపేది ఖావ్ ఖూవా. పచ్చి జిగురు బియ్యాన్ని నూనె లేకుండా సన్నసెగ మీద పది పదిహేను నిమిషాలు ముదురు బంగారు రంగుకి వేయించి బరకగా దంచుతారు. మెత్తగా దంచితే పిండిలా అంటుకుంటుంది. ముందే కలిపితే రసం పీల్చి ముద్దయిపోతుంది. నిమ్మరసం పొయ్యి దించాకే. బల్ల మీదికి వచ్చిన లాప్ పంటి కింద కరకరలాడకపోతే అది కలిపి చాలాసేపైందన్నమాట. శాకాహారులు బొప్పాయి సలాడ్ చెప్పేటప్పుడు ‘పాదేక్ వద్దు’ అనాలి. అది ఉప్పు, తవుడు వేసి నెలల తరబడి ఊరబెట్టిన చేప.

చాటుగాడు: లాప్‌తో వాళ్ళు తినే జిగురన్నం ముద్ద అనగానే శ్రీనాథుడి పేరున తిరిగే చాటువు గుర్తొస్తుంది. పూతన పాలు తాగానని నిక్కే కృష్ణుణ్ణి, బచ్చలి శాకము జొన్నకూటితో ‘మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము’ అంటాడు. ఎంత పొగరు! విషం దిగిన గొంతుకి జొన్నకూడు పరీక్ష.

రోటిపచ్చడి: పోలిక కుదరదు మాస్టారూ. ‘దిగమ్రింగుము’లోనే ఉంది తేడా. జొన్నకూడు మింగేది, జిగురన్నం నమిలేది. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, వెదురు గంపలో ఆవిరి మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచుతారు, మధ్యలో ఒకసారి తిరగేస్తారు. దించాక పరిచి ఆవిరి పోనిస్తారు. అలా పోనివ్వకుండా వడ్డించే మూతబుట్టలో కుక్కితే నీరు పట్టి పేస్టవుతుంది. మూత తీసి వదిలేస్తే పైపొర గట్టిపడుతుంది. కాబట్టి కావలసినంత తుంచుకుని మళ్ళీ మూత పెట్టాలి. చాప్‌స్టిక్స్ అడగొద్దు. కుడిచేతి వేళ్ళతో ఉసిరికాయంత ఉండ చేసి జేవ్‌లో, అంటే వాళ్ళ పచ్చడిలో, అద్దుకోవడమే.

చాటుగాడు: ఉసిరికాయంత అయితే అది ముద్ద కాదు, ఉండ. శ్రీనాథుడు ఉండ అనలేదు.

రేఫద్వేషి: గణం కుదరక అనలేదేమో.

చాటుగాడు: ఉత్పలమాల మీద మీరు చెయ్యి వెయ్యకండి.

పాళీపంతులు: లావోస్ రాజధాని పేరులోనూ ఇదే పేచీ. వియెంటియాన్ అసలు ‘వియంగ్ చన్’. వియంగ్ అంటే కోట ఉన్న ఊరు. చన్ చందనమా, చంద్రుడా? వాళ్ళ రాతలో రెండూ ఒకటే. నా ఓటు చందనానికి.

రేఫద్వేషి: చంద్రుడే.

తూమెడుగింజలు: ఆరు తరువాత ఏమిటండీ?

కుంచంబావ: నొక్కటి. కుంచం ఎత్తి గోనెలో పోసేదాకా మాట సాగాలి, ద్విత్వం అందుకే.

తూమెడుగింజలు: అలాగైతే రెండుకీ మూడుకీ ద్విత్వం ఎందుకు లేదు?

పాళీపంతులు: చన్‌లో నకారం చూడండి ముందు...