క్రీడాకారుల ఇంటి సంగతులు ఎంతవరకు వార్త?

ప్రశ్న: స్పోర్ట్స్ డెస్క్ ఉద్యోగి, అమీర్‌పేట

నేను హైదరాబాద్‌లో ఒక వార్తా వెబ్‌సైటు స్పోర్ట్స్ డెస్క్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కిందటి వారం ఒక ప్రముఖ క్రీడాకారిణి ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో భర్తతో దిగిన రెండు ఫొటోలు కనిపించడం లేదని ఎవరో గమనించారు. ఆ మాత్రం చాలునని, "విడాకులేనా?" అన్న శీర్షికతో అరగంటలో కథనం కావాలని మా ఇన్‌ఛార్జ్ చెప్పారు. నేను రాశాను. ఎనిమిది పేరాల ఆ కథనంలో ఆమె ఆట గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆమెకు గానీ, ఆమె ఇంట్లోవారికి గానీ మేము ఫోన్ చేయలేదు. ఆ వారం మా సైటులో అన్నిటికన్నా ఎక్కువమంది చదివింది అదే. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగితే నేనే తీశాను. ఆమె తండ్రిగారు మాట్లాడారు, కోప్పడలేదు. "మా ఆవిడకు ఈ సంగతి పక్క ఫ్లాట్‌వాళ్లు వచ్చి చెప్పారు బాబూ, రాసేముందు ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది" అని పెట్టేశారు.

పెళ్లి ఫొటోలు ఆమే అందరికీ చూపించారు కదా, ఆమె జీవితం బహిరంగమే కదా అని మా ఇన్‌ఛార్జ్ అంటున్నారు. ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. క్రీడాకారుల విషయంలో గీత ఎక్కడ గీయాలో, చట్టం ఏమంటుందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1: రిటైర్డ్ సబ్‌ఎడిటర్, చిక్కడపల్లి

తమ్ముడూ, మన భాషలో "ట" అనే ఒక్క అక్షరం మన వృత్తిని చాలా పాడుచేసింది. "విడిపోయారు" అని రాస్తే రుజువు చూపాలి. "విడిపోయారట" అని రాస్తే ఎవరో అన్నారు, మాకేం సంబంధం అని తప్పించుకోవచ్చు. దానికి "ప్రచారం జరుగుతోంది" తోడు, చివర ఒక ప్రశ్నార్థకం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి "ట"లు నేనూ అచ్చుకు పంపాను, ఇప్పుడు తలచుకుంటే బాధగానే ఉంటుంది.

2010 ఏప్రిల్‌లో సానియా మీర్జా పెళ్లి రోజుల్లో జూబ్లీహిల్స్‌లోని ఆమె ఇంటి ముందు కెమెరాలు కాపు కాశాయి. గేటు కదిలితే చాలు, లైవ్. ఆరేళ్ల తర్వాత, 2016లో, ఆమె మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, ఒక పేరున్న టీవీ జర్నలిస్టు ఎప్పుడు స్థిరపడతారు, తల్లి కావడం సంగతేమిటి అని అడిగారు. నేను ఇంకా స్థిరపడలేదని మీకు అనిపిస్తోందా, మగ క్రీడాకారులను ఇలా అడుగుతారా అన్న అర్థంలో ఆమె జవాబిస్తే, ఆయన ఆ కార్యక్రమంలోనే క్షమాపణ చెప్పారు. ఆయన చెప్పారు గనుక అది గుర్తుండిపోయింది. చెప్పనివారు ఎంతమందో.

ఇంగ్లండ్ సంగతి ఇంకా కఠోరమైనది. 2019 జులైలో క్రికెటర్ బెన్ స్టోక్స్ ఆ జట్టుకు ప్రపంచ కప్ గెలిపించాడు. సెప్టెంబరు 17న 'ది సన్' పత్రిక అతని కుటుంబంలో ముప్పై ఏళ్ల కిందట, అతను పుట్టకముందు, న్యూజిలాండ్‌లో జరిగిన ఒక విషాదాన్ని మొదటి పేజీలో వేసింది. ఆ వివరాలు నేను ఇక్కడ రాయను, రాస్తే నేనూ అదే పని చేసినవాడినవుతాను. అప్పట్లో అక్కడి పత్రికల్లో వచ్చిందే కదా అని ఆ పత్రిక వాదించింది. చివరికి 2021లో స్టోక్స్‌కూ అతని తల్లికీ క్షమాపణ చెప్పి, గణనీయమైన పరిహారం చెల్లించింది. ఒకప్పుడు పేపర్లో వచ్చినంత మాత్రాన ఒక తల్లి దుఃఖం ఊరందరి సొత్తు అయిపోదు. మీ ఇన్‌ఛార్జ్‌గారికి ఈ కేసు చదివి వినిపించండి.

జవాబు 2: క్రికెట్ అభిమాని, ఉప్పల్

పెద్దాయన మాటను గౌరవిస్తూనే ఒక విషయం అడుగుతున్నాను. ఆటగాళ్లు తమ పెళ్లిని, పిల్లలను, కొత్త ఇంటిని తామే అభిమానులకు చూపిస్తారు, ఆ ఆదరణ వల్లే ప్రకటనలు వస్తాయి. సంతోషం మాతో పంచుకుని, కష్టం వచ్చినప్పుడు మాత్రం తలుపు వేసుకుంటే అభిమానికి ఏదో వెలితిగా ఉంటుంది. 2022లో పెర్త్‌లో కోహ్లీ హోటల్ గదిలోకి వెళ్లి ఎవరో వీడియో తీసి పెట్టినప్పుడు నాకూ అసహ్యం వేసింది, దాన్ని సమర్థించను. కానీ తాము బయటపెట్టిన విషయం మీద ప్రశ్నే రాకూడదంటే ఎలా?

జవాబు 3: జూనియర్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి తల్లి, కొంపల్లి

ఉప్పల్ తమ్ముడికి చెబుతున్నాను. నా ఇంటికి పేరంటానికి పిలిచాను కదా అని, వచ్చినవాళ్లు మరునాడు నా బీరువా తెరిచి చూస్తే ఊరుకుంటామా? పిలిచింది ఆ పూటకు, ఆ గదికి. ఆటగాళ్లు పెట్టే ఫొటో కూడా అంతే.

మా అమ్మాయికి పదహారేళ్లు. ఈ వేసవిలో ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ ఆడి, చెమట తుడుచుకుంటూ బ్యాగు సర్దుకుంటుంటే ఒక యూట్యూబ్ ఛానల్ అతను మైకు పెట్టాడు. మొదటి ప్రశ్న మూడో గేమ్ గురించి, రెండోది "బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?" అది నవ్వేసి తప్పుకుంది. ఆ నవ్వునే ముక్క చేసి, మీద ఎర్ర బాణం గుర్తు వేసి పెట్టారు. అప్పటి నుంచి ప్రాక్టీసు అయ్యాక, తనతో ఆడే అబ్బాయి స్కూటీ మీద బస్టాపు దాకా రావడానికి కూడా ముందు అటూ ఇటూ చూసి, ఎవరి చేతిలోనైనా ఫోన్ ఉందేమో చూసుకుని గానీ ఎక్కడం లేదు. షటిల్ ఎటు పడుతుందో చూడాల్సిన కళ్లు అవి.

ఇందులో చదివేవాళ్ల తప్పు లేదని నేను అనను. 2016 ఆగస్టులో సింధు రియోలో ఫైనల్ ఆడుతున్న రోజుల్లో మన రాష్ట్రాల్లో జనం గూగుల్‌లో ఆమె కులం ఏమిటని వెతికారని వార్తలు వచ్చాయి. ఆ వార్త చదివి ఒక తల్లిగా నేను సిగ్గుపడ్డాను. అదే ఏడాది పతకం తెచ్చిన బిడ్డను చూసే మా అమ్మాయిని అకాడమీలో చేర్చాను మరి.

శాంతి సౌందరరాజన్‌ను మాత్రం మనం మరిచిపోకూడదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో ఆమె రజతం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్షకు సంబంధించిన సంగతి, గోప్యంగా ఉండవలసింది, టీవీల్లో మోగిపోయింది. పతకం పోయింది, ఆమె తర్వాత ఆత్మహత్యకు ప్రయత్నించింది. తమిళనాడులో ఇటుక బట్టీ కూలీల బిడ్డ ఆమె. లాయర్లను పెట్టుకునే స్తోమత స్టోక్స్‌కు ఉంది, ఆమెకు లేదు.

జవాబు 4: న్యాయవాది, హైదరాబాద్

చట్టం గురించి అడిగారు గనుక అంతవరకే చెబుతాను. మరణశిక్ష పడిన ఒక ఖైదీ ఆత్మకథ ప్రచురణకు సంబంధించిన ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే ఒక మాట చెప్పింది: వ్యక్తి కుటుంబం, వివాహం, మాతృత్వం వంటి విషయాలను, అవి నిజమైనా కాకపోయినా, పొగడ్త అయినా విమర్శ అయినా, అతని అనుమతి లేకుండా ప్రచురించరాదు. "నిజమైనా" అన్న పదాన్ని గమనించండి. నిజమే రాశాం కదా అన్నది పరువునష్టం దావాలో పనికిరావచ్చు, ఇక్కడ చాలదు. బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయానికీ, తనంత తానుగా వివాదంలోకి దిగిన వ్యక్తికీ ఆ తీర్పులోనే మినహాయింపులు ఉన్నాయి. తర్వాత 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది.

కాబట్టి డోపింగ్, ఫిక్సింగ్, జట్టు ఎంపికలో పక్షపాతం వంటివి ఎంత లోతుగా తవ్వినా తప్పు లేదు, తవ్వాలి కూడా. రెండు ఫొటోలు కనబడకపోవడం వీటిలో దేని కిందికీ రాదు.

అమలు మాత్రం బలహీనం. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, కానీ దానికి జరిమానా వేసే అధికారం లేదు. టీవీ, యూట్యూబ్ దాని పరిధిలోనే లేవు. 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ ప్రమాదానికి గురైనప్పుడు రక్తపు గాయాల దృశ్యాలను చూపించారు. ఆ తర్వాత 2023 జనవరిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్లకు సూచన జారీ చేయవలసి వచ్చింది. కొంపల్లి అమ్మగారు ఆ వీడియో మీద యూట్యూబ్‌కు గోప్యతా ఫిర్యాదు చేయవచ్చు, మైనరు తరఫున తల్లిదండ్రులకు ఆ వీలుంది. లింకు, వీడియోలో పాప కనిపించే సమయం రాసి పంపండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. స్టోక్స్ కేసు మా ఇన్‌ఛార్జ్‌గారికి చూపించాను. చాలాసేపు మాట్లాడుకున్నాక నిన్న సాయంత్రం కథనం తీసేశారు, ఇక మీదట కుటుంబ విషయం ఏదైనా సంబంధితులకు ఫోన్ చేయకుండా వెళ్లకూడదని ఒప్పుకున్నారు. ఇంటికి వచ్చి ఆమె పేరు వెతికితే నా కథనం మరో ఐదు సైట్లలో ఉంది. నేను రాసిన వాక్యాలే, "దూరం పెరిగిందట" అన్న నా మాటతో సహా, అక్షరం మారకుండా ఉన్నాయి. వాటిలో రెండింటికి మెయిల్ చేశాను, మిగతా మూడింటికి సంప్రదించే చిరునామా కూడా దొరకలేదు. న్యాయవాదిగారూ, రాసినవాడిగా నేను వాటిని తొలగించమని అడగవచ్చా, లేక ఆమె కుటుంబమే అడగాలా? వారే అడగాలంటే, ఆ తండ్రిగారికి నేనే ఫోన్ చేసి ఈ ఐదు లింకులూ ఇస్తాను.