గూగుల్ నుంచి వచ్చేవాళ్లకే వైరస్ పేజీ కనిపిస్తోంది, ఏం చేయాలి?

నాది చిన్న వర్డ్‌ప్రెస్ సైటు. నేను అడ్రస్ టైప్ చేసి తెరిస్తే మామూలుగానే ఉంటుంది. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లకు మాత్రం "మీ బ్రౌజర్ పాతబడింది, అప్‌డేట్ చేసుకోండి" అనే పేజీ వచ్చి, ఏదో ఫైలు డౌన్‌లోడ్ అవుతోందట. ఓనర్ కంట పడకుండా భలే దాక్కుంది!

చాలాకాలంగా అప్‌డేట్ చేయని ప్లగిన్ (సైటుకు అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రామ్) ఒకటి ఉంది, అందులోంచే దూరారని నా అనుమానం. సర్వర్ సెట్టింగ్స్ ఉండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో నేను రాయని రీడైరెక్ట్ లైన్లు (వేరే పేజీకి మళ్లించేవి), ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక పీహెచ్‌పీ ఫైలు (సర్వర్‌లో నడిచే కోడ్) కనిపిస్తే తీసేశాను. పాస్‌వర్డ్‌లూ మార్చాను. రెండు రోజులకు మళ్లీ అవే లైన్లు! ఎక్కడో బ్యాక్‌డోర్, అంటే మళ్లీ లోపలికి రావడానికి వాళ్లు పెట్టుకున్న దొంగదారి, మిగిలినట్టుంది.

డేటాబేస్‌లో, క్రాన్ జాబుల్లో (టైము ప్రకారం వాటంతటవే నడిచే పనులు) ఏం వెతకాలి? బ్యాకప్ ఉంది కానీ, అదైనా శుభ్రంగా ఉందని ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే టెన్షన్, ఆ ఫైలు ఇప్పటికే తెరిచినవాళ్ల గురించి. వాళ్లకేం చెప్పమంటారు?