కమాండ్ లైన్ స్క్రిప్టు చేర్చిన రికార్డుకు కర్త ఎవరు?

పాతకాపు:
మా అప్లికేషన్‌లో ప్రతి టేబుల్‌కూ ‘సృష్టించినవారు’ అనే కాలమ్ ఉంది. బ్రౌజర్ ద్వారా వచ్చేవారి ఐడీ సెషన్‌లో దొరుకుతుంది కాబట్టి అక్కడ చిక్కు లేదు. టెర్మినల్ నుంచి నడిపే దిగుమతి స్క్రిప్టుకు సెషన్ ఉండదు గనుక ఆ కాలమ్‌లో నల్ (ఖాళీ విలువ) పడుతోంది. ‘సిస్టమ్’ పేరుతో ఒక యూజర్‌ను సృష్టించి, ఇలాంటివన్నీ దాని ఖాతాలో వేస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

రాత్రిడ్యూటీ:
నేను ఒప్పుకోను. నల్ కనీసం ‘తెలియదు’ అని నిజం చెబుతుంది. ‘సిస్టమ్’ అనే పేరు తెలిసినట్టు నటిస్తుంది. మా దగ్గర ఒకే వారంలో ముగ్గురు అదే స్క్రిప్టును మూడు వేర్వేరు ఫైళ్లతో నడిపారు, వాటిలో ఒక ఫైలులో తేదీ, నెల తారుమారయ్యాయి. ఏ రికార్డు చూసినా ‘సిస్టమ్’ అనే ఉండటంతో, తప్పు రికార్డులను ఏరడానికి సృష్టి సమయాన్ని ముగ్గురి షెల్ హిస్టరీలతో పోల్చుకుంటూ ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది.

పాతకాపు:
అలాగైతే ఆపరేటింగ్ సిస్టమ్‌లో లాగిన్ అయిన పేరునే తీసుకోవచ్చు కదా?

రాత్రిడ్యూటీ:
సుడోతో, అంటే అడ్మిన్ అధికారాలతో నడిపితే, ‘హూయామ్‌ఐ’ (whoami) కమాండ్ ‘రూట్’ (అడ్మిన్ ఖాతా) అనే చెబుతుంది. అసలు పేరు ‘సుడో యూజర్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంటుంది కానీ, రూట్ షెల్‌లో ఉన్నవారు దానిని ఎలాగైనా మార్చుకోగలరు. పైగా సర్వర్ మీది లాగిన్ పేరుకూ, మన యూజర్ల టేబుల్‌లోని ఐడీకీ పొంతన ఉండాలన్న నియమమేమీ లేదు. అందుకే స్క్రిప్టుకు యూజర్ ఆర్గ్యుమెంటును (నడిపేటప్పుడు కమాండ్‌తో పాటు ఇచ్చే యూజర్ పేరును) తప్పనిసరి చేసి, అది ఇవ్వకపోతే ఒక్క రికార్డు కూడా రాయకుండా ఆగిపోయేలా చేయడమే మేలు.

మూడోకన్ను:
ఆ ఆర్గ్యుమెంటులో ఎవరి పేరైనా టైపు చేయవచ్చు కాబట్టి అది సాక్ష్యం కాదు, వాంగ్మూలం మాత్రమే. ఆడిట్‌కు పనికిరావాలంటే ఎవరి తరఫున రాశారో ఒక కాలమ్‌లో, ఏ ఓఎస్ లాగిన్‌తో, ఏ స్క్రిప్టుతో రాశారో వేరే కాలమ్‌లలో ఉంచాలి. డేటాబేస్ లాగిన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అప్లికేషన్ అంతా ఒకే రోల్‌తో (డేటాబేస్ ఖాతాతో) కనెక్ట్ అవుతుంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ‘కరెంట్ యూజర్’ ఎప్పుడూ ఆ ఒక్క పేరే ఇస్తుంది. ట్రాన్సాక్షన్ (ఒకే విడతగా జరిగే డేటాబేస్ మార్పులు) మొదట్లో ‘సెట్ లోకల్’తో యూజర్ ఐడీని ఒక కస్టమ్ సెట్టింగ్‌లో పెడితే ట్రిగ్గర్ (రికార్డు రాసినప్పుడు దానంతటదే నడిచే కోడ్) దానిని చదువుకోగలదు. ట్రాన్సాక్షన్ ముగియగానే ఆ విలువ పోతుంది కాబట్టి, పూల్‌లోని (అందరూ పంచుకునే) కనెక్షన్ మరొకరి చేతికి వెళ్లినా పాత పేరు అంటుకోదు.

పాతకాపు:
మరి క్రాన్ (నిర్ణీత సమయానికి పనులను తనంతట నడిపే ప్రోగ్రామ్) సంగతి? అర్ధరాత్రి నడిచే పనికి టెర్మినల్ ముందు మనిషే ఉండడు.

మూడోకన్ను:
అక్కడ మాత్రం మీ మొదటి ఆలోచన సరైనదే, కాకపోతే అన్నిటికీ కలిపి ఒకే ఖాతా కాకుండా, ఒక్కొక్క జాబ్‌కు లాగిన్ కాలేని ఒక ఖాతా చొప్పున ఉండాలి.

పాతకాపు:
సరే, ఆర్గ్యుమెంటును తప్పనిసరి చేస్తాను. పాత నల్ రికార్డులను కూడా ఏదో ఒక పేరుతో నింపేయనా?

రాత్రిడ్యూటీ:
వద్దు, వాటిని అలాగే ఉంచండి. ఊహించి రాసిన పేరుకూ, నిజంగా నమోదైన పేరుకూ తేడా రేపు మీకే తెలియదు.