కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వరా?

నాగావళి_గట్టు:
మాది విజయనగరం దగ్గర పల్లె. ఇరవై మంది పిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తున్నారు. ఉన్నది ఒక్కటే బారు, అదీ వంగిపోయింది. కొత్త బారు, ప్లేట్ల కోసం క్లబ్ పేరున ప్రభుత్వ గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం. మూడు నెలలు తిప్పి, ‘మీ క్లబ్‌కు గుర్తింపు లేదు’ అని నోటిమాటగా చెప్పేశారు. కాగితం అడిగితే నవ్వారు. గుర్తింపు ఉన్న సంఘాలకే డబ్బివ్వడం న్యాయమేనా?

కోట_జంక్షన్:
న్యాయమే. 2011 నాటి కేంద్ర క్రీడా కోడ్ ఒక్కో ఆటకు ఒక్క జాతీయ సమాఖ్యనే గుర్తించాలంది. దాని కింద రాష్ట్ర సంఘం, ఆ కింద జిల్లా సంఘం. ఆ గొలుసు తెంపేస్తే బోర్డు కట్టినవాడల్లా క్లబ్బే. ఇచ్చిన డబ్బుకు లెక్క చెప్పేవాడు కావాలి కదా. మా అబ్బాయి క్లబ్‌లో ఒకసారి బిల్లులు పోగొట్టుకుని యూసీ (డబ్బు ఖర్చుపెట్టిన ధ్రువపత్రం) ఇవ్వలేకపోయాం, మరుసటి ఏడాది పైసా రాలేదు. తప్పు మాదే.

బస్సు_పాసు:
లెక్క అడగండి, ఎవరు కాదన్నారు? కానీ ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. కొండవెలగాడ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం కొట్టింది. పతకం వచ్చాక సన్మానానికి అందరూ వస్తారు, ఫొటో పడుతుంది మరి. వంగిన బారు పక్కన నిలబడి ఫొటో ఎవరు దిగుతారు?

కోట_జంక్షన్:
సెంటిమెంటు వేరు, రూలు వేరు బాబూ. అన్యాయం అనిపిస్తే 2025 జాతీయ క్రీడా పాలన చట్టంలో ట్రిబ్యునల్ ఉంది, వెళ్లమనండి.

రిటైర్డ్_గుమస్తా:
ఆ ట్రిబ్యునల్ ఉన్నది పెద్ద సంఘాల తగాదాల కోసం, ఈ ఊరి బారు కోసం కాదు. క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి. గుర్తింపు అడగడం తప్పు కాదని నేనూ అంటాను. తప్పల్లా నోటిమాట దగ్గరే. కారణం కాగితం మీద లేకపోతే దేని మీద అప్పీలు చేస్తారు? సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. దాంతోపాటు ఆర్టీఐ పెట్టండి. ‘ఎందుకివ్వలేదు’ అని అడిగితే జవాబు రాదు. దరఖాస్తుల జాబితా, ఎంపిక నిబంధనలు, కమిటీ మినిట్స్ నకలు అడగండి. 30 రోజుల్లో రాకపోతే ఆ శాఖలోనే పై అధికారికి మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. వీటితో కాగితాలే వస్తాయి, డబ్బు రాదు. ఆఖరికి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు. అక్కడ కూడా గ్రాంటు చేతిలో పెట్టడం అరుదు, మళ్లీ పరిశీలించమని పంపుతారు. లాయరు ఫీజుకు రెండు బార్లు వస్తాయి, చూసుకోండి.

నాగావళి_గట్టు:
థాంక్స్ మాస్టారూ. జిల్లా సంఘంలో సభ్యత్వం తీసుకుందామని ఉత్తరం రాస్తే, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. కోట జంక్షన్ గారూ, మీ గొలుసులో మా కొక్కెం ఎక్కడ తగిలించాలి?

కోట_జంక్షన్:
ఆ కవరు పారేయకండి. అర్జీకి జత చేయండి.