ఊటీకి బండ్ల లెక్క పెట్టడం న్యాయమేనా? చెన్నై తెలుగోళ్లు చెప్పండి

వేళచ్చేరి_వాసు:
మే నెల్లో ఊటీ వెళ్దామనుకున్నాం, అమ్మానాన్న, మా ఆవిడ, పిల్లలు, అందరం బండేసుకుని. ఇప్పుడు ఈ-పాస్ గోల. మద్రాస్ హైకోర్టు చెప్పిందని 2024 మే 7 నుంచి మొదలైంది కదా, అప్పుడు ఫోన్‌లో వివరాలు కొడితే అందరికీ వచ్చేసేది, పేరుకే పాస్. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌కి రోజుకి ఇన్ని బండ్లే అని లెక్క పెట్టారు, ఊటీకి మామూలు రోజుల్లో 6 వేల బండ్లు, శని ఆదివారాలు 8 వేలు, కొడైకెనాల్‌కి 4 వేలు, 6 వేలు. రోడ్ ట్యాక్స్ కట్టి, దారి పొడవునా టోల్ కట్టి, మళ్లీ కొండెక్కడానికి పర్మిషన్ ఏంటండీ? అక్కడి టీఎన్ 43 నంబరు బండ్లకి ఏ పాసూ అక్కర్లేదు, మనకి మాత్రమే. ఇది కరెక్టా?

పెరంబూరు_పద్మజ:
నూటికి నూరు శాతం కరెక్టు. పూల ప్రదర్శన టైంలో ఊటీ చేరింగ్ క్రాస్ దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా వాసు గారూ? ఇసుకేస్తే రాలదు. సీజన్ వస్తే పోలీసులు ఎక్కే బండ్లని కూనూరు మీదుగా, దిగే బండ్లని కోటగిరి మీదుగా పంపిస్తారు, అదీ ఆ ఘాట్ రోడ్ల కెపాసిటీ. అసలు బండి ఎందుకు చెప్పండి, ప్రభుత్వ బస్సుకీ రైలుకీ పాస్ లేదుగా. రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి మెట్టుపాళయం, అక్కడ 7 గంటల 10 నిమిషాలకి కొండ రైలు. కల్లార్ దాటాక పట్టాల మధ్యలో రంపం పళ్లలాంటి ఇనుప పట్టీ మొదలవుతుంది, ఆవిరి ఇంజిన్ ముందుండి లాగదు, వెనకుండి పెట్టెల్ని నెడుతుంది, పెట్టెకొక బ్రేక్ మనిషి బయట చిన్న వసారా లాంటి చోట నిలబడి ఉంటాడు. నీళ్లు పట్టుకోడానికి మధ్యలో ఆగిన చోట కిందకి దిగితే చేతిలో వడ ఉంటే కోతులు ఉండనివ్వవు లెండి 😄 మొత్తం 46 కిలోమీటర్లు, 208 వంపులు, 16 సొరంగాలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను, 2005లో యునెస్కో వాళ్లు గుర్తించారు. అది పెట్టుకుని కారులో వెళ్తాననడం పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే.

అంబత్తూరు_రాజా:
అక్కా, ఆ రైలు టికెట్ మే నెల్లో దొరికిన మనిషిని ఒక్కడిని చూపించు, కాళ్లకి దండం పెడతా. 60 రోజుల ముందు బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్. వర్షాల్లో అయితే కొండచరియలు విరిగిపడి కూనూరు దాకా రైలే ఉండదు. ఇక బస్సు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని మెట్టుపాళయం స్టాండ్‌లో జనాన్ని తోసుకుంటూ ఎక్కించి, ఊటీలో దిగాక మళ్లీ ఆటోవాడితో బేరం. బండి ఉన్నోడి బాధ బండి ఉన్నోడికే తెలుస్తుంది. ఇంకోటి, పొద్దున్నే కోయంబత్తూరు నుంచి వచ్చి సాయంత్రానికి దిగిపోయే కారుకీ, మూడు రాత్రులు గది తీసుకుని ఉండే కుటుంబానికీ ఒకటే లెక్కా? ఇద్దరున్న కారూ ఒకటే, పన్నెండు మంది కూర్చున్న వ్యానూ ఒకటే. లెక్క పెట్టండి, కాదనను, కానీ బండ్లని కాదు మనుషుల్ని లెక్కపెట్టండి.

మైలాపూర్_మణి:
రాజా అన్నదాంట్లో పాయింట్ ఉంది. మా పిన్ని వాళ్లకి కూనూరులో నాలుగు గదుల కాటేజీ ఉంది, లెక్క పెట్టిన ఆ ఏడాది బుకింగ్ చేసుకున్నవాళ్లే పాస్ రాలేదని ఫోన్ చేసి డబ్బులు వెనక్కి అడిగారు, వంట మనిషికి మాత్రం జీతం ఇవ్వక తప్పదు. 2025 ఏప్రిల్ మొదట్లో అక్కడి వ్యాపారులు బంద్ కూడా చేశారు. ముందు గది బుక్ చేసినవాడికి పాస్ ఇస్తే సగం గొడవ పోతుంది. కొండ ఎన్ని బండ్లు మోస్తుందో తేల్చమని కోర్టు ఐఐటీ మద్రాస్, ఐఐఎం బెంగళూరు వాళ్లకి అప్పజెప్పింది, ఈ 6 వేలూ 8 వేలూ అది తేలేలోపు వేసుకున్న లెక్కే.

టీనగర్_తిరుగుబోతు:
అందరూ ఊటీ మీదే పడతారేంటో నాకు అర్థం కాదు. బోటు కోసం గంట క్యూ, చాక్లెట్ షాపులు, గుర్రం మీద ఫోటో, అయిపోయింది ఊటీ. కూనూరులో దిగి సిమ్స్ పార్కులో (1874 నాటిది) పొద్దున తిరిగి, మార్కెట్ వీధిలో వేడి టీలో వర్కీ ముంచుకు తినండి, పొరలు పొరలుగా ఉండే బిస్కెట్టు, 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. కోటగిరి అయితే ఇంకా ప్రశాంతం. ఊటీని కనిపెట్టాడని చెప్పే జాన్ సలివన్ 1819లో కట్టుకున్న బంగళా కన్నేరిముక్కులో ఉంది, ఇప్పుడు మ్యూజియం, నేను వెళ్లినప్పుడు ఒక్క టూరిస్టు లేడు. కోడనాడు వ్యూ పాయింట్ నుంచి చూస్తే కింద మోయార్ లోయ, అవతల మైదానాలు.

పెరంబూరు_పద్మజ:
బాబూ, పాస్ ఊటీ ఊరికి కాదు, నీలగిరి జిల్లా మొత్తానికి. కోటగిరి వెళ్లినా తప్పదు. పైగా ఇలా అందరికీ చెప్తే అక్కడా గుర్రం ఫోటోలు మొదలవుతాయి, దయచేసి రీల్స్ మాత్రం చెయ్యకు.

అంబత్తూరు_రాజా:
అదిగో, మీరు చూసొచ్చాక తలుపు వేసేస్తారన్నమాట 😂 కోటగిరి మీ తాతగారి తోటా అక్కా?

పెరంబూరు_పద్మజ:
తోట అయితే బండికి కాదు, మనిషికే టికెట్ పెట్టేదాన్ని, నువ్వే అడిగావుగా మనుషుల్ని లెక్కపెట్టమని 🙂

వేళచ్చేరి_వాసు:
మీ కొట్లాట బానే ఉంది గానీ, మా నాన్న ఈ త్రెడ్ మొత్తం చదివించుకుని రైలే కావాలని పట్టుబట్టాడు. మా ఆవిడ కారే అంటోంది. పాస్‌కి మాత్రం మామూలు రోజుకే కొడతా, 8 వేల రోజు జనంలో పోవడం నా వల్ల కాదు. అయినా మణి గారూ మీరు చెప్పినట్టు గది చూపిస్తే పాస్ ఇవ్వాలన్నదానికి నా ఓటు. మీ పిన్నిగారి కాటేజీలో మే రెండో వారం ఖాళీ ఉందా?

మైలాపూర్_మణి:
అడిగి మెసేజ్ పెడతా. వచ్చేటప్పుడు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కేసులు కేసులు డిక్కీలో వేసుకురాకండి, చెక్‌పోస్ట్‌లో దింపించేస్తారు, స్టీలు సీసాలు తెచ్చుకోండి.