చెరోకీ, ౘలగి: తెలుగులో ఏది రాయాలి?

లిపిప్రియ: అమెరికా మూలవాసుల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ఒకే జాతిని ఒకచోట చెరోకీ అనీ, ఇంకోచోట త్సలగి అనీ రాశారు. మూడోది, "అనివైవియా" అని కూడా ఉంది. ఏది వాడమంటారు?

పదశోధి: మొదటి రెండూ ఒకే మాటండీ (త్సలగినే నేను ౘలగి అని రాస్తాను). ఆ భాషలో పూర్వం మూడు మాండలికాలుండేవి. దక్షిణ కరోలినా వైపు దిగువ ఊళ్లవాళ్లు మాత్రం ల బదులు ర పలికేవారు, అంటే "ౘరగి". ఇంగ్లిష్ వాళ్ల చెవిన పడింది అదే. ఆ మాండలికం 1900 నాటికే దాదాపు అంతరించింది. బతికున్న రెండింటిలోనూ ర లేదు. ప, బ కూడా లేవు, మ కొద్ది మాటల్లోనే.

ఇక అర్థమంటారా, వాళ్ల భాషలో దానికి అర్థం లేదు. పొరుగున ఉన్న ముస్కోగీలు "వేరే మాట మాట్లాడేవాళ్లు" అని పెట్టిన పేరని చాలామంది అంటారు. అలా అనిపించడం సహజమే: ముస్కోగీలది వేరే భాషా కుటుంబం, వీళ్లది ఇరోక్వాయ్ కుటుంబం. ఆ కుటుంబంలో మిగతా భాషలు చాలావరకు ఉత్తరాన గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్నవి, దక్షిణ శాఖలో మిగిలింది ఇదొక్కటే. సుమారు 3500 ఏళ్ల కిందట విడిపోయిందని అంచనా.

కొండవాగు: "అనివైవియా" తప్పు. రోమన్ రాతలో వాళ్ల v హల్లు కాదు, ముక్కుతో పలికే అచ్చు. మన అరసున్నను ఈ రోజుల్లో ఎవరూ పలకరు గానీ ఇక్కడ పలకాలి: అనియఁవియ. "అని" బహువచనపు ముందుచేర్పు, "యఁవి" మనిషి, చివరి "య" అసలైన అని చెప్పేది. తమను తాము చెప్పుకునే పేరు ఇదే. తొలి ఊరు కిటువా పేరుమీద "అనికిటువగి" అనీ అంటారు. ఉత్తర కరోలినాలోని ఆ స్థలాన్ని తూర్పు చెరోకీలు 1996లో తిరిగి కొనుక్కున్నారు.

లిపిప్రియ: వాళ్ల లిపి మన గుణింతం లాంటిదేనా?

పదశోధి: కాదు. క, కి, కు అంటే మనకు ఒకే అక్షరానికి గుర్తులు మారతాయి. అక్కడ గ, గె, గి మూడింటికీ పోలికే లేని మూడు ఆకారాలు. ఇంగ్లిష్ చదవడం రాని సెక్వోయా అనే చెరోకీ మొదట మాటకో గుర్తు పెట్టబోయి, అది లెక్కకు అందక, ధ్వనికో గుర్తుకు మళ్లాడు. 1821కి పూర్తయింది, ఇప్పుడు వాడుకలో 85 గుర్తులు. ఇంగ్లిష్ డి ఆకారాన్ని "అ" అనీ, డబ్ల్యూను "ల" అనీ చదవాలి. స్వరస్థాయినీ, అచ్చు నిడివినీ ఈ గుర్తులు చూపవు, కనుక లిపి చూసి మాత్రమే ఉచ్చారణ రాయబోతే తప్పులొస్తాయి. 1828 ఫిబ్రవరి 21న అప్పటి చెరోకీ రాజధాని న్యూ ఎకోటాలో రెండు భాషల పత్రిక "చెరోకీ ఫీనిక్స్" మొదలైంది.

కొండవాగు: ఆ పత్రిక తొలి సంపాదకుడు ఎలియాస్ బౌడినాటే, తూర్పున ఉన్న చెరోకీ నేలను అమెరికాకు వదులుకునే 1835 ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ముఖ్య నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు. జార్జియా చట్టాలు చెరోకీ నేలమీద చెల్లవని 1832లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అయినా వాళ్లను వెళ్లగొట్టడం ఆగలేదు. 1838-39లో సుమారు 16,000 మందిని పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకు తోలారు. 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. మీ వ్యాసంలో "వలస" అని ఉంటే "తరలింపు" అని మార్చండి, వాళ్లు తమంతట తాము వెళ్లలేదు.

పదశోధి: ఇప్పుడు మీ ప్రశ్నకు. జాతికి చెరోకీ అనే రాయండి, ఓక్లహోమాలోని వాళ్ల ప్రభుత్వమూ ఆ పేరే వాడుతుంది. భాష పేరు అవసరమైనచోట ౘలగి. చాప, చాలు అన్నప్పుడు మనం పలికే దంత్య చకారమే, "త్స" అని విడగొట్టక్కర్లేదు. ఓక్లహోమాలో "జలగి"కి దగ్గరగా వినిపిస్తుంది. చిక్కొక్కటే: ౘ చాలా ఫోన్ కీబోర్డుల్లో ఉండదు, పాత ఫాంట్లలో డబ్బా కనిపిస్తుంది, చలగి అని వెతికితే ౘలగి దొరకదు. మొదటిసారి ౘలగి, చలగి రెండూ పక్కపక్కన రాసి, తర్వాత ఒకటే వాడండి.