ఖాళీకి ముందున్న ‘ఎందుకంటే’

ప్రశ్న:
తార్కిక వివేచన పరీక్షకు చదువుతున్నాను. పేరా ఇచ్చి, చివర ఖాళీ వదిలి, ‘వాదనను సరిగా పూర్తిచేసేది ఏది?’ అని అడిగే ప్రశ్నల దగ్గరే మార్కులు పోతున్నాయి. నిన్న తప్పింది ఇది:

“గ్రంథాలయాన్ని సాయంత్రం మరో గంట తెరిచి ఉంచుతున్నారు. అయినా రోజూ వచ్చే పాఠకుల సంఖ్య పెరగలేదు. అంతమాత్రాన ఆ గంట వృథా అనలేం. ఎందుకంటే ______.”

(అ) గంట పెంచడం వల్ల ప్రయోజనం ఉంది.
(ఆ) మధ్యాహ్నం చోటు దొరక్క నిలబడి చదివినవారిలో చాలామంది ఇప్పుడు ఆ గంటలో వచ్చి కూర్చుని చదువుకుంటున్నారు.
(ఇ) గ్రంథాలయాలన్నీ మరో గంట తెరిచి ఉంచాలి.

పేరా ముగిసేది అక్కడే కాబట్టి ముగింపు మాట రావాలనుకుని ‘ఇ’ పెట్టాను. జవాబు ‘ఆ’ అట. ‘ఇక్కడ కావలసింది నిగమనం (తేల్చిన మాట) కాదు, హేతువు (కారణం)’ అని పుస్తకంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ‘ఎందుకంటే’, ‘కాబట్టి’ రెండూ కారణం చెప్పేవే కదండీ, తేడా ఎక్కడుంది?

జవాబు 1:
మీరు రాసిన వాక్యమే చూడండి: ‘పేరా ముగిసేది అక్కడే కాబట్టి ముగింపు మాట రావాలనుకుని’. కాబట్టికి ముందున్నది కారణం, వెనక వచ్చింది మీరు తేల్చుకున్నది. ఇది ‘కాన్ + పట్టి’. ద్రుతం (చివరి ‘న్’) మీద పకారం బకారమైంది. అయిన సంగతిని పట్టుకుని ముందుకు సాగడం. ‘నువ్వు చెప్పబట్టి తెలిసింది’లో ఉన్నదీ ఆ ‘పట్టి’యే.

‘ఎందుకంటే’ నడక తిరగబడింది. అది ‘ఎందుకు అంటే’. తేల్చిన మాట ముందే చెప్పేసి, వినేవారు అడగబోయే ప్రశ్నను తానే అడుగుతుంది. దాని తరువాత రావలసింది ఆ ‘ఎందుకు?’కు జవాబు.

అనుమానమొస్తే వాక్యాన్ని తిప్పి రాయండి: “______ కాబట్టి ఆ గంట వృథా అనలేం.” ఇందులో ‘ఇ’ పెడితే, అన్నీ తెరిచి ఉంచాలి కాబట్టి ఇది వృథా కాదట! బండి ముందు, ఎద్దులు వెనక. ‘అ’ పెడితే, ప్రయోజనం ఉంది కాబట్టి వృథా కాదు. చెప్పిందే చెప్పడం, పరీక్షలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే, చదవడానికి నున్నగా ఉంటుంది మరి. ‘ఆ’ ఒక్కటే కొత్త సంగతి తెచ్చి, తల లెక్క పెరగకపోయినా మేలు ఎలా జరిగిందో చూపుతోంది.

జవాబు 2:
అసలు ‘ఎందుకంటే’ అనువాదాల వల్ల వచ్చిన వాడుక కాదా? తెలుగులో కారణం ముందు, ఫలితం వెనక.

జవాబు 1:
కాదండీ. పాత తెలుగులో ‘ఏలయన’, ‘ఎట్లనిన’ ఉన్నాయి, వాటి నిర్మాణమూ ఇదే. ఇప్పటి రాతలో అవసరం లేనిచోట కూడా వాడుతున్నారంటే ఒప్పుకుంటాను.

జవాబు 3:
నిగమనం గురించి ఒక మాట. న్యాయశాస్త్రంలో (చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) వాదనకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అవయవాలు, అంటే భాగాలు. నిగమనమంటే చివర తేల్చిన మాట. గణితంలో ‘నిగమన పద్ధతి’ అంటే సామాన్య సూత్రం నుంచి విశేషానికి రావడం. మీ పుస్తకం వాడింది మొదటి అర్థంలో.

ప్రశ్న వేసినవారు:
తిప్పి రాస్తే తేలిపోయింది, ధన్యవాదాలు. ఇంకొకటి: “కొన్ని వస్తువుల్లో లోపం కనిపించింది. లోపం ఉన్నవన్నీ ఒకే యంత్రం నుంచి వచ్చాయి. కాబట్టి ______.” ఇక్కడ కావలసింది నిగమనమే కదా, ‘ఆ యంత్రం నుంచి వచ్చేవన్నీ లోపంతోనే ఉంటాయి’ అని పెట్టాను. ఇదీ తప్పే.

జవాబు 3:
‘అన్నీ’ చోటు మారిపోయింది. ‘లోపం ఉన్నవన్నీ ఆ యంత్రానివి’ అన్నారు గాని, ‘ఆ యంత్రానివన్నీ లోపం ఉన్నవి’ అనలేదు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తార్కికులు దీనికి ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు: నిప్పు ఉంది, పొగ లేదు. ‘ముందుగా ఆ యంత్రాన్ని పరీక్షించడం సబబు’ లాంటి వాక్యం ఏదైనా ఉందా?

ప్రశ్న వేసినవారు:
ఉంది. మరీ చప్పగా ఉందని కొట్టేశాను.